చిత్తుప్రతి వినే నలుగురు

పిల్లల కథలు రాసేవాళ్లకి సన్మానాల కంటే ముందు కావలసినది, చిత్తుప్రతి విని ఎక్కడ విసుగు పుట్టిందో మొహమాటం లేకుండా చెప్పే నలుగురు మనుషులు. విశాఖలో సాహిత్య సభలకి కొదవ లేదు. ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో జరిగే సభలకి నాలుగుసార్లు వెళ్తే రాసేవాళ్లూ చదివేవాళ్లూ పరిచయమవుతారు. కానీ సభలో కథ బాగుపడదు. వినేవాళ్లంతా పెద్దలే, చప్పట్లు కొట్టేస్తారు. పరిచయాలు అక్కడ చేసుకుని, పని వేరేచోట పెట్టుకోవాలి.

ఆ నలుగురూ ఎవరంటే, ఇద్దరు రచయితలు, ఒక ప్రాథమిక పాఠశాల టీచరు, బొమ్మలు వేసేవారు ఒకరు. ఆరుగురు దాటితే ప్రతివారి కథకీ వంతు రాదు. బొమ్మల కోసం ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ విభాగంలో విద్యార్థుల్ని అడగొచ్చు. ఎన్ని బొమ్మలు, ఎన్నిసార్లు దిద్దాలి, ఎంత ఇస్తారు అన్నది ముందే కాగితం మీద పెట్టండి. పదిహేను రోజులకోసారి గంటన్నర, రెండు కథలు. రీడింగు హాల్లో గొంతెత్తి చదవలేం. బీచ్‌లో కెరటాల హోరు, గాలికి కాగితాలు నిలవవు. ఎవరింటి ముందుగదైనా చాలు.

ఒక్క నియమం మాత్రం సడలించకండి: రాసినవారు చదవకూడదు. తన వాక్యంలో ఎక్కడ ఆగాలో తనకి తెలుసు గనక గతుకులు బయటపడవు. వేరేవారు చదువుతుంటే తడబడిన ప్రతిచోటా పెన్సిలు గీత పెట్టుకోండి, మధ్యలో సంజాయిషీ ఇవ్వొద్దు. చాలాసార్లు అక్కడ కర్తకీ క్రియకీ మధ్య దూరం ఎక్కువై ఉంటుంది. ఇంకోటి: మన పిల్లలు అనే ‘ఏటి’ని ‘ఏమిటి’ అని, ‘గుంటడు’ని ‘కుర్రాడు’ అని దిద్దేవాళ్లు తప్పక ఉంటారు. సంభాషణల్లో ఒప్పుకోకండి. ఉత్తరాంధ్ర పిల్లకి తన ఇంటిమాట పుస్తకంలో కనబడటం చిన్న విషయం కాదు.

బొమ్మల పుస్తకమైతే ఎనిమిది ఏ4 కాగితాలు మధ్యకి మడిచి గుచ్చితే 32 పేజీల నమూనా వస్తుంది. టైటిలు, ప్రచురణ వివరాలు పోను కథకి 28 పేజీల దాకా మిగులుతాయి. వాక్యాలు కత్తిరించి అందులో అంటించండి. రహస్యం కుడిపేజీలోనే బయటపడిపోతే, దాన్ని పేజీ తిప్పాక కనబడేలా జరపాలి. ‘ఎర్రగౌను వేసుకున్న పాప’ అని రాశారా? గౌను రంగు బొమ్మ చెబుతుంది, కొట్టేయండి.

తర్వాత, హెడ్‌మాస్టరు అనుమతితో రెండో తరగతిలో ఇరవై నిమిషాలు. ‘బాగుందా?’ అని అడిగితే తరగతంతా ‘బాగుంది’ అనే అరుస్తుంది. అది లెక్కలోకి రాదు. మర్నాడు ఆ కథ చెప్పమని టీచరుచేత అడిగించండి. పిల్లలు వదిలేసిన ముక్క ఏదో, దాదాపు అక్కడే మీ కథ నీరసపడింది.

గుంపు చెడేది ఎక్కువగా వాట్సాప్ వల్ల. ఒకరు పీడీఎఫ్ ముందుకు పంపుతారు, కథ ఎవరి ఫేస్‌బుక్ గోడమీదో తేలుతుంది. పత్రికలు ‘ఎక్కడా ప్రచురితం కాలేదు’ అని హామీపత్రం అడుగుతాయి కాబట్టి, అప్పుడు ఇబ్బంది మీకే. చిత్తుప్రతులు కాగితం మీదే పంచి, వెనక్కి తీసుకోండి. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే పిల్లల కథల వెబ్‌సైటులో పెట్టిన కథని మీ పేరు చెప్పి ఎవరైనా అనువదించొచ్చు, మార్చొచ్చు, అమ్ముకోవచ్చు కూడా. దానికి మనస్ఫూర్తిగా ఇష్టపడితేనే పెట్టండి. ప్రచురణకర్తకి హక్కులు రాసిచ్చేటప్పుడు గడువు రాయించండి. రాయకపోతే కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం అయిదేళ్లుగా లెక్క.

అచ్చుకి ముందు గుంపుకి ఇంకో పని ఉంది. యూనికోడ్‌లో టైపు చేసినదాన్ని డీటీపీలో, యూనికోడ్ కాని ‘అను’ ఫాంట్లలోకి మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోవచ్చు, గుణింతాలు తారుమారు కావచ్చు. ప్రూఫు కాగితం మీద తీసి, వేలు పెట్టి, పైకి చదవాలి. ఈసారి కూడా రాసినవారు కాకుండా.