ఈత రాకపోతే డిగ్రీ ఇవ్వరట

ఈయన పడుకుని గంటైంది, నేనింకా ఫోన్ పట్టుకుని హాల్లో కూర్చున్నా. అంతా అన్నయ్య పెట్టిన ఫార్వర్డ్ వల్లే.

పొద్దున అన్నయ్య కూతురు బంగారం వీడియో కాల్ చేసింది, జుట్టంతా తడి. "అత్తా, పాసైపోయా!" అంది. ఏదో ఫైనల్ ఎగ్జామ్ అనుకున్నా, తీరా చూస్తే ఈత పరీక్షట. అది చదివే అమెరికా ఎంఐటీలో డిగ్రీ పిల్లలు 100 గజాలు ఈదితేగానీ పట్టా చేతికివ్వరట, ఎంతసేపైనా పర్లేదు, ఎలా ఈదినా పర్లేదు. రాకపోతే బిగినర్స్ క్లాసులో వేసి వాళ్ళే నేర్పుతారట. ఇది తప్పించుకుని తప్పించుకుని ఆఖరి సెమిస్టర్‌లో దిగింది. ఇంకోటి కూడా చెప్పింది, బాణాలు, కత్తిసాము, పిస్టల్ కాల్చడం, తెరచాప పడవ నడపడం, ఈ నాలుగు క్లాసులూ చేసినవాళ్ళకి 2012 నుంచి కాలేజీయే పైరేట్, అంటే సముద్రపు దొంగ, సర్టిఫికెట్ ఇస్తుందట. పక్కనుంచి ఈయన "దొంగ సర్టిఫికెట్టా? దానికి అమెరికా దాకా ఎందుకు" అన్నారు. దానికి అర్థం కాలేదు, నేనొక్కదాన్నే నవ్వేను.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. సాయంత్రానికి అన్నయ్య ఫ్యామిలీ గ్రూప్‌లో పెట్టేడు, టైటానిక్‌లో కొడుకు పోయిన ఒక తల్లి హార్వర్డ్‌కి లైబ్రరీ కట్టించి, ఇకనుంచి పిల్లలందరికీ ఈతొచ్చి తీరాలని షరతు పెట్టిందని, కింద వరసగా ఏడుపు ఎమోజీలు. సగం నిజమే. హ్యారీ వైడెనర్ 1912లో ఆ ఓడలోనే పోయేడు, వాళ్ళమ్మ కట్టించిన లైబ్రరీ 1915లో తెరిచేరు. ఈత షరతు మాత్రం ఉత్త కట్టుకథ. అయినా ఆ మంచు నీళ్ళలో ఈతొచ్చి మాత్రం ఏం ఒరిగేది? హార్వర్డ్, ఎంఐటీ రెండూ ఒకే కేంబ్రిడ్జ్ ఊళ్ళో, కూతురు నాలుగేళ్ళు చదివింది అక్కడే, దాన్నడిగినా చెప్పేది కదా. "అన్నయ్యా, అది నిజం కాదట" అని మర్యాదగానే రాసేను. ఒక బొటనవేలు పెట్టి ఊరుకున్నాడు. ఆ బొటనవేలు చూసేసరికి ఒళ్ళు మండిపోయింది.

నిజానికి మండింది బొటనవేలుకి కాదేమో.

వేసవి సెలవుల్లో మావయ్య మగపిల్లలందరి వీపులకీ ఎండిన సొరకాయ బుర్రలు కట్టి కాలవలోకి తోసేవాడు. అన్నయ్య మూడోరోజుకే బుర్ర విప్పి పారేసేడు, వారం తిరక్కుండా వంతెన మీంచి దూకేవాడు. నేను రేవు మెట్ల మీద వాళ్ళ చొక్కాలు, లాగూలు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని, వాళ్ళొచ్చి ఆ పొడిబట్టల మీదే నీళ్ళు కార్చేవాళ్ళు. ఒకసారి అడిగేను, నాకూ కట్టు మావయ్యా అని. "నీకెందుకే, నువ్వు బట్టలు చూడు" అన్నాడు. కోపంగా కూడా కాదు, చేతిలో బెల్లంముక్క పెట్టి మరీ అన్నాడు. తినేసేను కూడా. ఇప్పటికీ గోదారి దాటేటప్పుడు పంటు మీద రెయిలింగ్ వదలను.

అంత ఈతగాడు, న్యూజెర్సీలో పాతికేళ్ళుండి సొంత కూతురికి నేర్పలేదు. టైమెక్కడిదమ్మా అంటాడు. కూచిపూడికి టైముంది, స్పెల్లింగ్ బీకి టైముంది.

పొద్దున నేనూ అన్నా దాంతో, అంత ఫీజు పోసి ఈతేంటే, చోద్యం కాకపోతే అని. పాపం దాని మొహం కొంచెం చిన్నబోయింది. ఇలాంటి పిచ్చి రూలొకటి మా ఇంటర్ కాలేజీలో ఉండుంటే మావయ్యే బుర్ర కట్టి తోసుండేవాడు, మార్కులంటే మనవాళ్ళు దేనికైనా సరే అంటారు కదా. ఆఁ, అదీ నమ్మకం లేదులే, మా కాలేజీ అయితే నేర్పడం మానేసి ఫైన్ కట్టించుకుని వదిలేసేది. న్యూయార్క్ కొలంబియా యూనివర్సిటీలో అయితే ఇంజినీరింగ్ పిల్లలకి ఈ పరీక్షే లేదట, అందులోని కొలంబియా కాలేజీ వాళ్ళకే. నీళ్ళొస్తే ఇంజినీర్లు వంతెన కట్టుకు పోతారని అక్కడ జోకట. మా అన్నయ్యా ఇంజినీరే.

ఇందాక మన కాలనీ పూల్ టైమింగ్స్ చూసేను, ఊరికే. లేడీస్ బ్యాచ్ మధ్యాహ్నం రెండింటికట. ఈ ఎండల్లో రెండింటికి ఎవరు దిగుతారసలు, ఆ టైమ్ పెట్టింది ఎవరో గానీ వాడికి బెల్లంముక్క పెట్టాలి.