రేవు, ఆశ్రయం

విశాఖలో మా తొమ్మిదో తరగతి గది కిటికీలోంచి చూస్తే సముద్రపు ఒడ్డున ఉన్న డాల్ఫిన్స్ నోస్ కొండ కనిపించేది. ఒక రోజు మా ఇంగ్లీషు మాస్టారు ఆ కొండను చూపించి, "పోర్ట్, హార్బర్ రెండూ ఒకటేనా, చెప్పండర్రా" అని అడిగారు. చాలామంది ఇళ్లలో పెద్దలు పోర్టులో పనిచేసేవారే గనుక ఒకటేనని అందరం ఒకే గొంతుతో అన్నాము. ఆయన నిఘంటువు తీయమనలేదు. "పోనీ, రేవు అంటే ఏమిటి, నౌకాశ్రయం అంటే ఏమిటి?" అని తెలుగులోకి తీసుకువెళ్లారు.

చాకిరేవైనా పడవల రేవైనా మనిషి నేల మీంచి నీటిలోకి దిగే తావు. పోర్ట్ కూడా అటువంటిదే. సరుకు దిగడం, ఎక్కడం, సుంకం కట్టడం, గోదాముకు చేరడం దాని పని. లాటిన్‌లో ద్వారాన్ని తెలిపే మాట దీనికి దగ్గరి చుట్టం. హార్బర్ మాత్రం ఆశ్రయం. పాత ఇంగ్లీషులో సైన్యం, రక్షణ అనే రెండు మాటలు కలిసి విడిది అనే అర్థంతో అది పుట్టింది. నేరస్తుడికి తలదాచుకునే చోటిచ్చినా, మనసులో పగను దాచుకున్నా ఇంగ్లీషువారు ఆ మాటనే క్రియగా వాడతారు. విమానాలు దిగే చోటు ఎయిర్‌పోర్ట్ అయిందే గాని ఎయిర్‌హార్బర్ కాలేదని మాస్టారు చెప్పినప్పుడు తేడా నా మనసులో స్థిరపడిపోయింది.

అయితే నాకు అన్నిటికన్నా నచ్చినది ఆయన మన ఊరినే ఉదాహరణగా చూపడం. పక్కనున్న భీమునిపట్నంలో డచ్చివారి కాలం నుంచి వర్తకం సాగినా, ఓడలు తీరానికి దూరంగా లంగరు వేస్తే పడవలే సరుకు చేరవేసేవి. అంటే అది హార్బర్ లేని పోర్ట్. విశాఖలోనూ చాలాకాలం అదే స్థితి. కొండ చాటున ఉన్న బురదనేలను తవ్వి లోతు చేసి, ప్రవేశమార్గం దగ్గర అలలను ఆపడానికి రెండు పాత ఓడలను ముంచి అడ్డుగా నిలిపిన తరువాతే, 1933లో ఓడలు లోపలికి వచ్చి నిలిచే వీలు కలిగింది. మరపడవలు నిలిచే చోటును మనం ఫిషింగ్ హార్బర్ అనడం కూడా ఎంతో సరైన వాడుక అని నేను ఇప్పటికీ అనుకుంటాను.

ఆ సాయంత్రం, పోర్టులో కళాసీగా పనిచేసే మా నాన్నగారిని ఇదే ప్రశ్న అడిగాను. "నేను పనిచేసేది పోర్టులోరా. హార్బరంటే ఓడ నిలబడే నీళ్లు కదేటి" అన్నారు. మర్నాడు ఆ మాట చెబితే, మాస్టారు దాన్ని ఉన్నదున్నట్టు నల్లబల్ల మీద రాసి, కింద మా నాన్నగారి పేరు కూడా రాశారు.