తొమ్మిది తలల బొమ్మ, ఏడున్నర తలల పిల్ల

"అమ్మా, ఈవిడ్ని కూడా పొట్ట లోపలికి పీల్చుకోమన్నారా?"

లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం సేకరణలోని ఒక పాత ఫ్యాషన్ బొమ్మ చూసి మా అమ్మాయి అడిగింది. ఉగాదికి లంగా ఓణీ వేసుకోనని మొండికేసిన వారమే ఇది. లంగా బొందు బిగించేటప్పుడల్లా ఆ మాట అనేది నేనే.

1947 ఫిబ్రవరి 12న పారిస్‌లో ఫ్రెంచ్ దుస్తుల డిజైనర్ క్రిస్టియన్ డియోర్ తన మొదటి కలెక్షన్ చూపించాడు. బిగువైన నడుము, పిక్కల దాకా దిగే విశాలమైన స్కర్టు. దానికే న్యూ లుక్ అని పేరొచ్చింది. బ్రిటన్‌లో అప్పటికింకా బట్టలకు రేషన్ కూపన్లే, 1949 మార్చి దాకా ఎత్తేయలేదు. చాలామందికి ఆ ముస్తాబు పత్రికలో బొమ్మగానే అందింది. ఫ్రాన్సిస్ మార్షల్ లాంటి చిత్రకారులు గీసిన అలాంటి బొమ్మలు ఈ మ్యూజియంలో ఉన్నాయి.

పిల్లలతో చూసేటప్పుడు "ఎంత బాగుందో" అని వదిలేయకండి, కొలిపించండి. ప్రింటు తీసి, నడినెత్తి నుంచి గడ్డం దాకా ఉన్న పొడవును కాగితం ముక్క మీద గుర్తు పెట్టి, అదే కొలతను పాదాల దాకా దించుకుంటూ రావాలి. మామూలు మనిషి సుమారు ఏడున్నర తలల ఎత్తు. ఫ్యాషన్ బొమ్మ తొమ్మిది దాకా పోతుంది, పెంచింది ఎక్కువగా కాళ్ళలోనే. టోపీని, ఎత్తుగా దువ్విన జుట్టును కలిపి కొలిస్తే మాత్రం లెక్క తప్పుతుంది. తల పెద్దదై బొమ్మ మామూలు మనిషిలాగే తేలుతుంది. టోపీ కింద నెత్తి ఎక్కడుంటుందో అంచనా వేసి గుర్తు పెట్టాలి.

తర్వాత నడుము దగ్గర పెద్దది చేసి చూడాలి. కొన్ని బొమ్మల్లో సిరా గీత పక్కనే పలచటి పెన్సిల్ గీత మిగిలి ఉంటుంది. పెన్సిల్ బయట, సిరా లోపల ఉంటే నడుము తరిగింది సరిగ్గా అక్కడే.

ఆ మొదటి కలెక్షన్‌లోని 'బార్' సూటు, అంటే జాకెట్టూ స్కర్టూ, కూడా ఇదే మ్యూజియంలో ఉంది. దాన్నీ పక్కన పెట్టి చూపించండి. జాకెట్టుకు తుంటి దగ్గర లోపల మెత్త పెట్టారు. తుంటి ఉబ్బితే నడుము దానంతటదే సన్నగా కనిపిస్తుంది. పైగా ఆ జాకెట్టు షాంటుంగ్ అనే రకం పట్టు, కాస్త బిరుసు, పెట్టిన వంపు నిలుస్తుంది. నా మహదేవపూర్ దసిలి పట్టు చీర కత్తిరించి కుట్టించిన లంగాను మా అమ్మాయి చేత ముట్టించాక ఆ బిరుసేమిటో తెలిసింది. బొమ్మలో మెత్తా కనపడదు, కుట్టూ కనపడదు. ఆ నడుము ఒంటిది కాదు, దర్జీ పనితనమని చెప్పాను.

"మరి నాకు మెత్త పెట్టకుండా బొందెందుకు బిగిస్తావు?" అంది.

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మ బిగించింది, నేనూ బిగిస్తున్నాను. పరాయి దేశపు బొమ్మలో తప్పు పట్టిన చేతులే ఇంట్లో అదే పని చేస్తున్నాయి. బొందు కింద రెండు వేళ్ళు దూరాలి. దూరకపోతే చర్మం మీద ఎర్రటి గాడి పడుతుంది, రోజూ పడితే నల్లబడి పొరలు లేస్తుంది. వదులు చేస్తే పట్టు బరువుకి లంగా జారుతుంది. సన్నటి బొందు తీసేసి, మూడంగుళాల వెడల్పు నూలు పట్టీ కుట్టించి పక్కన రెండు హుక్కులు పెడితే బరువు నడుమంతా పరుచుకుంటుంది. అలాగే మార్పించాను.

లంగా ఓణీలో తన బొమ్మ తనే గీయమన్నాను. గీసి తెచ్చింది. కొలిచాను. తొమ్మిది తలలు. సరిదిద్దాలా వద్దా తేలడం లేదు. తనను తను అలా చూసుకోవాలని ఉందేమో, లేక బొమ్మంటే అలాగే గీయాలని నేర్చేసుకుందేమో. కాగితం ఫ్రిజ్ మీద అంటించే ఉంది. ఓణీ వేసుకుంటుందో లేదో ఇంకా చెప్పలేదు, నేనూ అడగలేదు.