జాగ్వార్ జంట: మూడోసారీ కుదరలేదు

నా దగ్గరున్న జాగ్వార్ సిక్లిడ్ అనే చేపల జంటను గుడ్ల కోసం ఒకచోట కలపడం ఇది మూడోసారి. పొద్దున ఆరింటికి లైటు వేసేసరికి ఆడచేప ట్యాంకు మూలన, నీళ్ల పైఅంచున నిలువుగా ఉండిపోయింది. తోక సగం లేదు. ఎడమ పక్కన 14 పొలుసులు ఊడాయి. చేతులు వణికాయి. రెండంగుళాల పిల్లప్పటి నుంచి పెంచుతున్న చేప అది.

ట్యాంకు 6×2×2 అడుగులు, దాదాపు 680 లీటర్లు. మగది 11 అంగుళాలు, ఆడది ఎనిమిదికి కాస్త తక్కువ. మొదటిసారి నేరుగా కలిపితే 20 నిమిషాల్లో ఆడదాని పెదవి చీలింది. రెండోసారి 5 మి.మీ. యాక్రిలిక్ షీటు అడ్డం పెట్టాను. మగది రాత్రంతా గులకరాళ్లు తోడి, అడుగున మూడంగుళాల సందు చేసి, పక్కకు ఒరిగి దూరింది.

ఈసారి గులకరాళ్లు తీసేసి ఎగ్‌క్రేట్ జాలీ, అంటే గడులున్న ప్లాస్టిక్ పలక, అడ్డం పెట్టాను. 16 రోజులు రెండూ జాలీకి అటొకటి ఇటొకటి చేరి రెక్కలు విప్పుకున్నాయి, బండను నోటితో గీకి శుభ్రం చేశాయి. ఆడదానికి గుడ్ల గొట్టం కనబడగానే నిన్న సాయంత్రం 7కి జాలీ తీశాను. 10 దాకా ఎదురుగానే కూర్చున్నా, మగది ఒక్కసారి కూడా పొడవలేదు. ఆ తర్వాతే జరిగింది.

నా మొదటి అనుమానం తొందరపాటు. గొట్టం 3 మి.మీ. మాత్రమే, కొన సన్నగా ఉంది. గుడ్లు పెట్టే ముందు అది లావుగా, మొద్దుగా రావాలి. రెండోది వేడి. నల్లగొండలో మే నెల, నీళ్లు 33 డిగ్రీలు. నోట్సులో రాసుకున్న పెద్ద గొడవలన్నీ 31 దాటిన రోజులవే. మూడోది దాక్కునే చోటు. ఉన్నది ఒకే పూలకుండీ, దానికి రెండో దారి లేదు. తరిమినప్పుడు అందులో దూరితే ఇక బయటపడే వీలుండదు.

నీళ్ల మీద మాత్రం అనుమానం లేదు. మా బోరు నీళ్ల టీడీఎస్ (కరిగిన లవణాల లెక్క) 900, పీహెచ్ 8.1, ట్యాంకులో నైట్రేట్ 20. నికరాగువా సరస్సుల నుంచి వచ్చిన చేపకి ఇలాంటి నీళ్లు పడతాయి. మన జిల్లాలో బోరు మీద ఆధారపడేవాళ్లు మెత్తటి నీళ్లు కావాల్సిన డిస్కస్ చేపల జోలికి పోకుండా మధ్య అమెరికా సిక్లిడ్లు తెచ్చుకోవడమే మంచిదంటాను.

నా ఇంకో ట్యాంకులో ఆస్కార్ చేపలు బాగున్నాయి. హికారి సిక్లిడ్ గోల్డ్ మేత ఖరీదే, కానీ నీళ్లు అంతగా పాడవవు. మేతకి బతికున్న చిన్న చేపలు వేయమంటారు కొందరు, దానికి నేను ఒప్పుకోను. వాటితో పాటు రోగాలూ వస్తాయి.

ఆడది ఇప్పుడు 80 లీటర్ల టబ్బులో ఉంది. 160 గ్రాముల రాళ్ల ఉప్పు, రెండు ఎండు బాదం ఆకులు వేశాను. సాయంత్రం ఒక్క మేత గింజ తిన్నది, ప్రాణం లేచొచ్చింది.

గ్లాసు మీద స్కేలు పెట్టి కొలిచాను: ఒంటి ఎత్తు ఆడదానికి 2.7 అంగుళాలు, మగదానికి 4.2. జాలీలో 3 అంగుళాల ఎత్తు, ఒకటిన్నర వెడల్పుతో ఒక దారి కోస్తాను. మగది ఒరిగినా అందులో పట్టదు, ఆడది మాత్రం తిరిగి పారిపోయి రాగలదు. కుండీ బదులు రెండు వైపులా తెరిచిన పీవీసీ పైపులు పెడతాను.

అదీ కుదరకపోతే జాలీ తీయనే తీయను. గుడ్లు పెట్టేందుకు తాండూరు బండ ముక్కను ఆడదాని వైపు జాలీకి ఆనించి, ఫిల్టర్ నీళ్లు మగదాని వైపు నుంచి దాని మీదుగా పారేలా తిప్పుతాను. మగదాని వీర్యం ఆ నీళ్లతో గుడ్ల మీదికి వస్తే, అన్నీ కాకపోయినా కొన్ని గుడ్లయినా ఫలదీకరణ చెందుతాయి. తోక పెరిగేదాకా ఎలాగూ ఆగాలి, ఈలోగా వానలు పడితే నీళ్లూ చల్లబడతాయి. బండను మాత్రం రేపే 8×8 అంగుళాలకు కోయించి తెస్తాను.