టోకెన్ నంబరు ఉండగా రోగం పేరెందుకు?

"పైల్స్ ఆపరేషన్ ఎవరండీ? డ్రెస్సింగ్‌కి రండి!" అని కౌంటర్ దగ్గరి అమ్మాయి కేకేసింది. హాలు నిండా జనం. అరవై దాటిన ఒక పెద్దాయన లేచి, ఫైలు కండువా కింద పెట్టుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలికి నడిచారు. ఆయన చేతిలో టోకెన్ ఉంది. పద్నాలుగు అని పిలిస్తే సరిపోయేది కదా.

ఆ అమ్మాయిది చెడ్డబుద్ధేం కాదు. ఒక్కతే ఫోన్లు ఎత్తాలి, బిల్లులు కొట్టాలి, లైన్లో గొడవలు తీర్చాలి. ఇలా అరవకూడదని ఆమెకి ఎవరైనా చెప్పారా అన్నది నా అనుమానం.

2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి పేషెంట్ విషయాలు గుట్టుగా ఉంచమని డాక్టర్లకి చెప్తుంది. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలనీ అందులోనే ఉంది (ఒకసారి అడిగి చూడండి, కౌంటర్లో ముఖాలు ఎలా మారతాయో). హెచ్‌ఐవీ విషయంలో అయితే 2017లో ఏకంగా చట్టమే చేశారు, కొన్ని మినహాయింపులు తప్ప మనిషి ఒప్పుకోకుండా బయటపెట్టకూడదు. మరి కౌంటర్ అమ్మాయికీ, కాంపౌండర్‌కీ, ల్యాబ్ అబ్బాయికీ ఇవన్నీ చెప్పాల్సింది ఎవరు? నన్నడిగితే డాక్టరే. బోర్డు మీద ఉన్నది ఆయన పేరు.

లోపల నాకు ఇంజెక్షన్ ఇచ్చిన నర్సు మాత్రం కర్టెన్ లాగి, మెల్లిగా పేరు సరిచూసుకుని, "ఏ చేతికి చేయమంటారు?" అని అడిగింది. ఆవిడ చేత మిగతావాళ్లకి ఓ గంట క్లాసు చెప్పిస్తే చాలు, బయటి నుంచి ట్రైనర్లు అక్కర్లేదు. డాక్టరుగారితో అదే అన్నాను.

"చూద్దాం లెండి" అన్నారు.