పాతర దేవుడు

మా అమ్మమ్మ నోట "బియ్యం అయిపోయాయి" అన్న మాట నేనెప్పుడూ వినలేదు. సోల డబ్బా అడుగుకి గరగరా తగులుతున్నా సరే, "బియ్యం నిండుకున్నాయే, తెప్పించు" అనేది. రాత్రిపూట పామును పురుగనే అనాలి. ఆవిడ ఇంట్లో దీపం ఆరేది కాదు, కొండెక్కేది.

మొన్న మా చిన్నాడు "అమ్మా, హేడీస్ అంటే గ్రీకుల యముడా?" అని అడిగాడు. బెండకాయలు తరుగుతూ అవునని చెప్పేశాను. రాత్రి కూర్చుని చదివితే నా జవాబు సగం తప్పని తేలింది.

యముడు పాశం పట్టుకుని తనే బయల్దేరతాడు. హేడీస్ గడప దాటడమే అరుదు. ప్రాణం తీసే పని మృత్యుదేవత థానటోస్‌ది, దారి చూపించే పని దేవతల దూత హెర్మీస్‌ది. పాపపుణ్యాల లెక్క చూడటానికి మినోస్ వంటి న్యాయమూర్తులు వేరే ఉన్నారు. మరి ఈయన చేసేదేమిటయ్యా అంటే, వచ్చినవాళ్లను బయటికి పోనివ్వకపోవడం. గుమ్మంలో కెర్బెరస్ అనే కుక్క ఉంటుంది. లోపలికి వచ్చేవాళ్లను చూసి తోకాడిస్తుందట, చెవులు కూడా వాలుస్తుందట. బయటికి పోబోయినవాళ్లను తినేస్తుంది. ప్రాచీన గ్రీకు కవి హెసియడ్ రాసిన ఈ ముక్క చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను.

ఆ చచ్చినవాళ్ల రాజ్యమైనా హేడీస్ కోరుకున్నది కాదు. అన్నదమ్ములు ముగ్గురూ చీట్లు వేసుకుంటే జ్యూస్‌కి ఆకాశం, పొసైడన్‌కి సముద్రం, ఈయనకి పాతాళం వచ్చాయి. హెసియడ్ లెక్కలో మగపిల్లల్లో పెద్దవాడు ఈయనే. ఆస్తి పంపకాల్లో పెద్దవాడికి చీకటి గది రావడం మనకేం కొత్త కాదు. అలాగని జాలిపడదామంటే పెర్సెఫొనీ గుర్తొస్తుంది. పూలు కోసుకుంటున్న పిల్లని రథంలో ఎత్తుకుపోయాడు. తండ్రి జ్యూస్ సరేనన్నాడు, తల్లి, పంటల దేవత డిమీటర్‌ని మాత్రం ఎవరూ అడగలేదు. ఆవిడ కోపానికి భూమ్మీద గింజ మొలకెత్తలేదు. చివరికి పిల్ల తిరిగొచ్చినా, అక్కడ ఒక దానిమ్మ గింజ తిన్న పాపానికి ఏడాదిలో మూడో వంతు కిందే ఉండాల్సి వచ్చింది.

నన్ను నిలబెట్టేసింది మాత్రం ఆయన పేరు. హేడీస్ అనడానికి జనం భయపడి ప్లూటో అంటారని ప్లేటో ఒక సంభాషణలో రాశాడు. ప్లూటో అంటే సంపద ఇచ్చేవాడు. పంటా లోహాలూ భూమిలోంచే వస్తాయి కదా! అచ్చంగా మా అమ్మమ్మ లెక్కే: భయం వేసిన చోట నిండుదనం చెప్పడం.

మనకి పాతర అన్న మాట ఉంది. ధాన్యం దాచే గొయ్యీ పాతరే, పూడ్చిపెట్టడమూ పాతరేయడమే. అమ్మమ్మగారి పెరట్లో జొన్నల పాతర ఉండేది. మూత తీసిన రోజు పిల్లల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. చాలాసేపు గాలికి వదిలేసి, మా మామయ్య తాడుకి లాంతరు కట్టి మెల్లగా దింపేవాడు. అది కొండెక్కితే ఎవరూ దిగకూడదు.

ఇప్పటి టర్కీలోని హియెరాపోలిస్‌లో ప్లూటో గుహ ఒకటి ఉంది. రెండు వేల ఏళ్ల కిందట స్ట్రాబో అనే గ్రీకు భూగోళవేత్త అక్కడికెళ్లి పిచ్చుకల్ని లోపలికి వదిలితే వెంటనే చచ్చి పడ్డాయట. ఎద్దుల్ని తోలితే అవీ కూలిపోయేవి. పూజారులు మాత్రం ఊపిరి బిగబట్టి వెళ్లొచ్చేవారు. అది భూమి పగుళ్లలోంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్. గాలికన్నా బరువు కాబట్టి నేలబారుగా పేరుకుంటుంది. పాతర అడుగున మామయ్య లాంతరుని ఆర్పిందీ అలాంటి గాలే అయ్యుంటుంది. ఆర్పిందన్నానా? అమ్మమ్మ ఉంటే నా నోటి మీద ఒకటి వేసేది.

రేపు చిన్నాడికి చెప్పాలి, యముడు కాదురా అని. ముందు ఆ కుక్క తోక సంగతి చెబుతాను.