లడఖ్ శ్రేణి పర్మాఫ్రాస్ట్ పటం: వాలు, ఎండ లెక్కలు ముగిశాయి, రాక్ గ్లేసియర్ల గుర్తింపు సాగుతోంది

లడఖ్‌లో ఖర్దుంగ్ లా నుంచి చాంగ్ లా వరకు ఉన్న పర్వత భాగానికి, ఉచితంగా దొరికే సమాచారంతోనే పర్మాఫ్రాస్ట్ పటం గీసే నా ప్రయత్నంలో తొలి దశ పూర్తయింది. కనీసం రెండేళ్ల పాటు విడవకుండా సున్నా డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉష్ణోగ్రతలో ఉండే నేలను పర్మాఫ్రాస్ట్ అంటారు. వేసవిలో దాని పైపొర కరుగుతుంది, గడ్డకట్టిన భాగం అడుగున ఉండిపోతుంది, కాబట్టి దాన్ని నేరుగా చూడడం ఏ ఉపగ్రహానికీ సాధ్యం కాదు. కనిపించే వాటిని బట్టి అంచనా వేసి, ఆ అంచనాను కొండల మీది ఆనవాళ్లతో సరిచూసుకోవాలి.

ఉత్తరార్ధగోళం మొత్తానికి ఒక కిలోమీటరు గడుల పటాలు ఇప్పటికే ఉన్నాయి, కానీ ఇక్కడ అంత గడిలో లోయ అడుగు, ఎండవాలు, నీడవాలు మూడూ కలిసిపోతాయి. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో వార్షిక సగటు ఉష్ణోగ్రత 5–6 డిగ్రీలు. కిలోమీటరు ఎత్తుకు ఆరున్నర డిగ్రీల చొప్పున తగ్గిస్తూ పోతే గాలి సగటు 4,300–4,400 మీటర్ల దగ్గర సున్నాకు చేరుతుంది. అయితే అదే ఎత్తులో ఎండవాలు నేల, నీడవాలు నేల ఒకలా ఉండవు కాబట్టి ఈ గీతను పర్మాఫ్రాస్ట్ హద్దుగా తీసుకోలేము.

ప్రతి గడికీ నేల ఎత్తును చెప్పే డిజిటల్ పటాన్ని డెమ్ అంటారు. ఎత్తుల కోసం, రాడార్ కొలతలతో తయారైన 30 మీటర్ల కోపర్నికస్ డెమ్‌ను తీసుకున్నాను. హైదరాబాద్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ (జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం) వారి పటాల వెబ్‌సైట్ భువన్‌లో దొరికే కార్టోడెమ్‌ను పక్కన పెట్టి పోల్చాను గానీ, అది ఫొటోల జతల నుంచి తయారైనది కాబట్టి, మంచు, గాఢమైన నీడ ఉన్నచోట్ల రాడార్ డెమ్‌నే నమ్మడం మేలనిపించింది. డిగ్రీల్లో ఉన్న డెమ్‌ను మీటర్లలో కొలిచే యూటీఎం 43 ఉత్తర మండలంలోకి మార్చిన తర్వాతే వాలు లెక్క వేయాలి. వాలు ఏ దిక్కుకు తిరిగి ఉందో చెప్పే ముఖదిశను ఉన్నదున్నట్టుగా సమీకరణంలో పెట్టకూడదు, ఎందుకంటే 359 డిగ్రీలు, 1 డిగ్రీ రెండూ ఉత్తరమే. దాన్ని సైన్, కొసైన్‌లుగా విడగొట్టాలి.

నా దృష్టిలో ఈ పనికి ప్రాణం ఎండ లెక్కే. 34 డిగ్రీల అక్షాంశంలో డిసెంబరు 21న మిట్టమధ్యాహ్నం సూర్యుడు దిగంతం నుంచి 33 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. అంటే అంతకన్నా నిటారుగా ఉత్తరం వైపు తిరిగిన వాలుకు ఆ రోజంతా నేరుగా ఎండ తగలదు. ఎదురుగా 30 డిగ్రీల దక్షిణ వాలు మీద మాత్రం అదే ఎండ 63 డిగ్రీల కోణంలో పడుతుంది. ఉచిత పటాల సాఫ్ట్‌వేర్ గ్రాస్‌లోని ఆర్.సన్ సాధనంతో ప్రతి నెలా మధ్య రోజుకు లెక్క కట్టి ఏడాది మొత్తం రాబట్టాను. ముందుగా ఆర్.హొరైజన్‌తో దిగంత కోణాలు తీసి పెట్టుకుంటే సమయం బాగా కలిసివస్తుంది. హద్దు బయటి శిఖరాల నీడ కూడా లోపల పడుతుంది కాబట్టి డెమ్‌ను నాలుగు వైపులా ఎక్కువగా తీసుకోవాలి.

నేల ఉపరితల ఉష్ణోగ్రత మోడిస్ నుంచి వస్తుంది. ఈ పరికరం ఉన్న టెర్రా, ఆక్వా ఉపగ్రహాలు రెండూ కలిపి రోజుకు నాలుగు కొలతలు. పిక్సెల్ విలువను 0.02తో గుణించి 273.15 తీసేస్తే సెల్సియస్ వస్తుంది. మబ్బు లేని వేళల కొలతలే ఉంటాయి గనుక పగళ్లు ఎక్కువ వేడిగా, రాత్రులు ఎక్కువ చల్లగా కనిపిస్తాయి, అందువల్ల పగలును, రాత్రిని విడివిడిగా నెలవారీ సగటు చేసి, ఆ తర్వాతే కలిపాను. కిలోమీటరు గడుల్లో ఈ సగటుకు ఎత్తుతోనూ ఎండతోనూ ఉన్న సంబంధాన్ని కట్టి, దాన్ని 30 మీటర్ల గడులకు వర్తింపజేశాను.

ఇప్పుడు చేస్తున్నది సరిచూసే పని. సెంటినెల్-2 ఉపగ్రహం తీసిన ఆగస్టు, సెప్టెంబరు చిత్రాల మీద రాళ్లూ మంచూ కలిసి నెమ్మదిగా కిందికి జారే రాక్ గ్లేసియర్ల హద్దులు గీస్తున్నాను. నాలుక ఆకారంలో సాగిన రాళ్ల మేట, దాని మీద అడ్డంగా మడతలు, చివర రాళ్లు జారేంత నిటారు గోడ ఉంటే లోపల మంచు ఉందనీ, అది కదులుతోందనీ అనుకోవచ్చు. నీటి గుంటలు, మంచు గోడలు కనిపిస్తే మాత్రం అది రాళ్లు కప్పుకున్న హిమానీనదం కావచ్చు, దాన్ని పక్కన పెడుతున్నాను. రాక్ గ్లేసియర్ పైనుంచి జారుతూ వస్తుంది గనుక దాని కొస పర్మాఫ్రాస్ట్ హద్దు కన్నా కిందికే దిగి ఉండవచ్చు. అవి లేనిచోట పర్మాఫ్రాస్ట్ లేదనీ చెప్పలేము.

కదలికను నిర్ధారించుకోవడానికి రెండు తేదీల రాడార్ చిత్రాలను పోల్చి నేల కదలికను రంగుల్లో చూపే సెంటినెల్-1 ఇంటర్‌ఫెరోగ్రాములు చూస్తున్నాను. ఒక్కో రంగు చక్రం ఉపగ్రహ దృష్టి దిశలో 2.8 సెంటీమీటర్ల కదలికకు సమానం. ఉపగ్రహం దాదాపు ఉత్తర దక్షిణాలుగా తిరుగుతూ పక్కకు చూస్తుంది కాబట్టి, మనకు అన్నిటికన్నా ముఖ్యమైన ఉత్తరపు వాలుల్లో ముందుకు జరిగే కదలిక చాలావరకు కనిపించదు, కిందికి దిగే భాగం మాత్రమే తెలుస్తుంది. రంగులు మారలేదన్న కారణంతో ఆ వాలుల్లో దేన్నీ నిశ్చలమని గుర్తించడం లేదు.

తరువాత పటాన్ని దక్షిణంగా గ్యా వరకు పెంచుతాను. 2014 ఆగస్టులో ఆ ఊరి పైనున్న హిమానీనద సరస్సు నీరు, మొరైన్ (హిమానీనదం మోసుకొచ్చి పేర్చిన రాళ్ల కట్ట) లోపలి మంచు కరిగి ఏర్పడిన సొరంగం గుండా బయటపడి పొలాలను, వంతెనలను దెబ్బతీసింది. అటువంటి సరస్సుల చుట్టూ, నా లెక్కలో సున్నాకు ఒక డిగ్రీ లోపలే ఉన్న, అంటే సులువుగా కరిగి రాళ్లు జారే వీలున్న నిటారు వాలులను వేరే పొరగా తీసి పెట్టాలి.